పేరు వేసుకోవడం మానేసిన దర్శకుడు

1955లో ‘రోజులు మారాయి’ చిత్రం ఊరూరా ఆడుతున్న రోజులవి. బొంబాయి నుంచి కొందరు సినిమా మనుషులు హైదరాబాదు వచ్చారు. విజయా వారి ‘మిస్సమ్మ’ బ్రహ్మాండంగా ఆడుతున్నదని వినివున్నారు. చూసి, నచ్చితే హిందీలో తీద్దామని వారి ఉద్దేశం. దారిలో వారి కారు ఒక గేదెను ఢీకొన్నదనీ, అది బాగయ్యేదాకా ఊళ్ళో ఉండిపోవలసి వచ్చిందనీ ఆ బృందంలోని రచయిత అబ్రార్ అల్వీ తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

‘మిస్సమ్మ’ చూశారు. తమకు సరిపడే కథ కాదనుకున్నారు. (ఆ చిత్రాన్ని ఏవీఎం సంస్థ ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో 1957లో ‘మిస్ మేరీ’గా హిందీలో తీసింది. అది వేరే సంగతి.) ఇక వెళ్ళిపోదామనుకుంటూ ఒక డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో కూర్చునివుండగా వీధిలో గోలగోలగా వినిపించింది. ఒక కారు వచ్చి ఆగింది. దాని వెంట జనం. అందులోంచి ఒక అమ్మాయి దిగింది. ఎవరని అడిగితే, ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకు నాట్యం చేసిన అమ్మాయి అని చెప్పారు. ఆ ఒక్క పాట కోసం జనం మళ్ళీ మళ్ళీ థియేటరుకు వెళుతున్న కాలం అది. పిల్లకు ఉర్దూ బాగా వచ్చునని కూడా చెప్పారు. బొంబాయి ఆయన కబురుపెట్టి పిలిపించారు. తల్లితో కలిసి ఆ అమ్మాయి వచ్చింది. అరగంట కూర్చున్నారు. ఆయన పెద్దగా మాట్లాడలేదు. అంతే. కొన్ని నెలల తరువాత బొంబాయి రమ్మని మనిషి వచ్చాడు.

ఆ అమ్మాయి వహీదా రెహమాన్. కబురుపెట్టిన ఆయన గురుదత్. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు. ఇంకో తొమ్మిదేళ్ళకు మించి ఆయన బతకలేదు. పేరు నిలబెట్టిన చిత్రాలన్నీ ఆ తొమ్మిదేళ్ళలోనివే.

గురుదత్ అంటే ఉత్తరాదివాడనీ, బెంగాలీ అనీ అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆయన దక్షిణాదిలో పుట్టినవాడు. 1925 జూలై 9న బెంగుళూరులో, కొంకణి మాట్లాడే సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మొదట పెట్టిన పేరు వసంతకుమార్. ఇంటిపేరు పడుకోణె. పసితనంలో ఏదో ప్రమాదం జరిగితే, ఆ పేరు అచ్చిరాలేదని మార్చి గురుదత్ అన్నారు. తండ్రి శివశంకరరావు మొదట ఉపాధ్యాయుడు, తరువాత చిన్న ఉద్యోగాలు చేశారు. రాయాలనే కోరిక ఆయనకు ఉండేది గాని తీరలేదు. తల్లి వాసంతికి పెద్ద కొడుకు పుట్టేనాటికి పదహారేళ్ళే. పిల్లలకు చదువు చెప్పింది, కథలు రాసింది, బెంగాలీ నవలలను కన్నడంలోకి అనువదించింది.

కుటుంబం కలకత్తాకు మారింది. భవానీపూర్‌లో పెరిగిన పిల్లవాడికి బెంగాలీ సొంత భాష అయిపోయింది. సాయంకాలం ఇంట్లో దీపం పెట్టగానే, వేళ్ళు ముడిచి గోడమీద నీడలతో బొమ్మలు వేసేవాడని చెల్లెలు, చిత్రకారిణి లలితా లాజ్మీ చెప్పేవారు. పెద్దయ్యాక ఆయన వెలుగు నీడలతో ఏంచేశారో తెలిసినవారికి ఈ గోడమీది బొమ్మలు గుర్తుకు రాక మానవు. అమ్మ తరఫు బంధువు బి.బి.బెనెగల్ సినిమా పోస్టర్లు వేసే చిత్రకారుడు. ఆయన దగ్గర కుర్రవాడికి చనువు ఎక్కువ. మరో చుట్టరికం మన ఊరికి సంబంధించినది. సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టిపెరిగి, 1974లో ‘అంకుర్’ తీసిన శ్యామ్ బెనెగల్ గురుదత్‌కు వరుసకు తమ్ముడు. ఒకరి నాయనమ్మ, ఇంకొకరి అమ్మమ్మ అక్కచెల్లెళ్ళు.

ఇంట్లో డబ్బు లేదు. మెట్రిక్‌తో చదువు ఆగింది. అల్మోరాలో ఉదయశంకర్ నడిపిన నాట్య కేంద్రంలో చేరి 1944లో అది మూతపడేవరకూ నేర్చుకున్నారు. తరువాత కలకత్తాలో లీవర్ బ్రదర్స్ కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం. మొదటి జీతంతో గురువుకు భగవద్గీత, అమ్మకు చీర, నాన్నకు కోటు, చెల్లెలికి గౌను కొన్నారట. ఆ ఉద్యోగంలో మనసు నిలవలేదు. 1944లోనే పూనాలోని ప్రభాత్ ఫిల్మ్ కంపెనీలో మూడేళ్ళ ఒప్పందం మీద చేరారు. ఇప్పుడు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది ఆ స్టూడియో ఆవరణలోనే. చిన్న వేషాలు, నృత్య దర్శకత్వం, సహాయ దర్శకత్వం... ఏది ఇస్తే అది చేశారు.

దేవానంద్‌తో స్నేహం అక్కడే కుదిరింది. చాకలి చొక్కాలు తారుమారు చేశాడు. ఒకరి చొక్కా ఒకరు వేసుకుని ఎదురుపడ్డారు. ఆ నవ్వులతో మొదలైన స్నేహం ఒక మాట ఇచ్చిపుచ్చుకునేదాకా వెళ్ళింది. తాను నిర్మాతనైతే గురుదత్‌ను దర్శకుడిగా పెట్టుకుంటానని దేవానంద్, తాను దర్శకుడినైతే దేవానంద్‌ను హీరోగా పెట్టుకుంటానని గురుదత్. సినిమావాళ్ళ మాటలు నీటిమీది రాతలంటారు గాని, ఇది నిలబడింది.

నిలబడేలోపల గడ్డుకాలం గడిచింది. 1947లో ప్రభాత్ ఒప్పందం ముగిసింది. బొంబాయి మాటుంగాలో నెలల తరబడి పని లేకుండా కూర్చున్నారు. ఇంగ్లీషులో కథలు రాసి పత్రికలకు పంపేవారు. ‘కశ్మకశ్’ అనే కథ ఆ రోజుల్లో రాసుకున్నదే. పదేళ్ళ తరువాత ‘ప్యాసా’గా తెరకెక్కింది అదే. కాబట్టి ‘ప్యాసా’ను పేరు ప్రతిష్ఠలు వచ్చాక ఒక పెద్దమనిషి లోకాన్ని చూసి విసిగి తీసిన చిత్రమనుకుంటే పొరపాటు. ఉద్యోగం లేని ఇరవై రెండేళ్ళ కుర్రవాడి ఆక్రోశం అది.

అమియ చక్రవర్తి దగ్గరా, జ్ఞాన్ ముఖర్జీ దగ్గరా సహాయకుడిగా పనిచేశారు. దేవానంద్ నవకేతన్ సంస్థ పెట్టి మాట నిలబెట్టుకున్నారు. 1951లో ‘బాజీ’ విడుదలైంది. కథ, మాటలు బాల్‌రాజ్ సహానీవి. చిత్రం విజయం సాధించింది. ఆ ఒక్క చిత్రం నుంచి గురుదత్‌కు ముగ్గురు మనుషులు దొరికారు. బస్ కండక్టరుగా ఉన్న బద్రుద్దీన్ కాజీని బాల్‌రాజ్ సహానీ పంపితే, తాగుబోతుగా నటించి నవ్వించిన అతనికి జానీ వాకర్ అని పేరు పెట్టి తెరకెక్కించారు. రెండవవాడు వి.కె.మూర్తి. మైసూరువాడు, ‘బాజీ’కి సహాయ ఛాయాగ్రాహకుడు. గురుదత్ అడిగిన ఒక కష్టమైన షాట్ తాను తీస్తానని ముందుకొచ్చి తీసి చూపించాడు. ఇకమీదట నా చిత్రాలకు నువ్వే అన్నారు గురుదత్. తరువాతి చిత్రం ‘జాల్’ నుంచి అలాగే జరిగింది.

మూడవవారు గీతా రాయ్. ‘బాజీ’ పాటల రికార్డింగులో పరిచయం. ఆమె అప్పటికే దేశమంతటికీ తెలిసిన గాయని. ఆయన మొదటి చిత్రం తీస్తున్న కొత్తవాడు. ఆమె పెద్ద కారులో వచ్చేది. 1953 మే 26న పెళ్ళి జరిగింది. ముగ్గురు పిల్లలు కలిగారు. ఆ కాపురంలో తరువాత వచ్చిన కలతల గురించి సినిమా పత్రికలు కావలసినంత రాశాయి. ఇక్కడ మళ్ళీ రాయబోవడం లేదు. ఒక్క మాట చెప్పాలి. భర్త తీసిన చిత్రాలలో గీతా దత్ గొంతు లేకుండా ఊహించగలిగినవి ఎన్ని? ఆమె వంతు ఎంతో లెక్క కట్టినవారు తక్కువ.

1953లో ‘బాజ్’లో తానే హీరోగా నటించి దెబ్బతిన్నారు. 1954లో ‘ఆర్ పార్’, 1955లో ‘మిస్టర్ అండ్ మిసెస్ 55’. రెండూ బాగా ఆడాయి. ఓ.పి.నయ్యర్ బాణీలు వీధివీధినా వినిపించాయి. ఈ చిత్రాలను తేలికపాటివని తీసివేసేవారున్నారు. ‘ఆర్ పార్’లో టాక్సీ డ్రైవరు టాక్సీ డ్రైవరులాగే మాట్లాడతాడు, పంజాబీ మెకానిక్కు పంజాబీ యాసలోనే తిడతాడు. అందరిచేతా ఒకటే ఉర్దూ గంభీరంగా పలికించే ఆనాటి హిందీ తెరకు అది కొత్త. అబ్రార్ అల్వీ కలం అది. పాట వచ్చిందంటే కథ ఆగిపోవడమూ గురుదత్‌కు గిట్టదు. మాటల మధ్యనుంచి పాటలోకి, పాటనుంచి మళ్ళీ మాటల్లోకి, కుట్టు కనబడకుండా వెళ్ళాలి. కెమెరా మనిషి ముఖానికి మరీ దగ్గరగా వెళ్ళి కళ్ళను పట్టుకోవాలి. అటువంటి షాట్‌కు బొంబాయి స్టూడియోల్లో ఆయన పేరే పెట్టారు.

అటువంటి సమయంలోనే హైదరాబాదు ప్రయాణం. బొంబాయి వెళ్ళిన వహీదాను పేరు మార్చుకోమన్నారు. ఆ రోజుల్లో ముస్లిం తారలు చాలామంది పేర్లు మార్చుకున్నారు. ఆమె ససేమిరా అంది. దుస్తులు తనకు నచ్చకపోతే వేసుకోననే మాట కూడా ఒప్పందంలో రాయించింది. సంతకం మాత్రం తల్లి పెట్టింది, అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు గనుక. తండ్రి ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో చదివిన అమ్మాయి, ‘జయసింహ’లో రామారావు సరసన నటించిన అమ్మాయి, 1956లో ‘సి.ఐ.డి.’తో హిందీ తెరమీదికి వచ్చింది. దానికి గురుదత్ నిర్మాత, రాజ్ ఖోస్లా దర్శకుడు.

1957లో ‘ప్యాసా’. విజయ్ అనే కవి. అతని పద్యాలు ఎవరికీ అక్కర్లేదు. అన్నలు ఆ కాగితాలను చిత్తు కింద అమ్మేస్తారు. ఒక వేశ్య వాటిని కొని దాచుకుంటుంది. విజయ్ చనిపోయాడని లోకం అనుకోగానే ఆ పద్యాలు అచ్చవుతాయి, జనం ఎగబడతారు. తనకే జరుగుతున్న సంస్మరణ సభకు విజయ్ వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడతాడు. ఆ వేషం దిలీప్ కుమార్ వేయవలసింది. షూటింగు మొదటిరోజు ఆయన రాలేదు. గురుదత్ ఇక ఆగలేదు, తానే మేకప్ వేసుకున్నారు. సాహిర్ పాటలు, ఎస్.డి.బర్మన్ సంగీతం. ఇంత చేదు కథను జనం చూడరన్నవారి అంచనా తప్పింది. చిత్రం బాగా ఆడింది.

పని తీరు మాత్రం నిర్మాతల గుండె ఆగిపోయేటట్లు ఉండేది. నచ్చకపోతే తీసినదంతా పక్కన పారేసి మళ్ళీ తీయడం, నాలుగు రోజులు తీసి చిత్రమే ఆపేయడం. గీతా దత్‌ను కథానాయికగా పెట్టి బెంగాలీలో మొదలుపెట్టిన ‘గౌరి’ అలాగే ఆగింది. ‘రాజ్’ అనే చిత్రమూ అంతే. సొంత సంస్థ కాబట్టి అడిగేవారు లేరు. అడిగేవారు లేకపోవడం ఆయనకు మేలు చేసిందో కీడు చేసిందో చెప్పడం కష్టం.

1959లో ‘కాగజ్ కే ఫూల్’ వచ్చింది. మన దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం అది. (తెలుగులో సినిమాస్కోప్ రావడానికి 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ దాకా ఆగవలసి వచ్చింది.) ఒక పేరుమోసిన దర్శకుడు, విడిపోయిన భార్య, దూరమైన కూతురు, అతను వెలుగులోకి తెచ్చిన నటి. ఒక చిత్రం దెబ్బతింటుంది. మనిషి పతనమై చివరకు ఖాళీ స్టూడియోలో, దర్శకుడి కుర్చీలోనే ప్రాణం విడుస్తాడు. స్టూడియో పైనుంచి ఒకే ఒక వెలుగు స్తంభం కిందికి దిగే పాట ఒకటుంది. దీపాలతో అటువంటి వెలుగు రాదు. మూర్తి పెద్ద అద్దాలు తెప్పించి, బయటి ఎండను పట్టి లోపలికి మళ్ళించారు. ఈనాటికీ సినిమా విద్యార్థులు ఆ వెలుగును చూసి నేర్చుకుంటున్నారు.

ఆనాటి ప్రేక్షకులకు అది ఎక్కలేదు. చిత్రం ఘోరంగా పడిపోయింది. ఆ తరువాత ఏ చిత్రం మీదా దర్శకుడిగా గురుదత్ తన పేరు వేసుకోలేదు.

సాధారణంగా ఆయన కథ చెప్పేవారు ఇక్కడనుంచి తిన్నగా మరణానికి వెళ్ళిపోతారు. చిత్రం పోయింది, మనిషి పోయాడు అంటారు. మధ్యలో అయిదేళ్ళున్నాయి. చిత్రంలోని దర్శకుడిలాగా ఆయన వీధిన పడలేదు. మరుసటి సంవత్సరమే, 1960లో, ‘చౌద్‌వీ కా చాంద్’ తీశారు. లక్నో ముస్లిం కుటుంబాల కథ. దర్శకుడు ఎం.సాదిక్. అది కనకవర్షం కురిపించింది. ముందటి నష్టం పూడిపోయింది. స్టూడియో నిలబడింది. అప్పులు తీరాక, ఆస్తులు నిలిచాక కూడా పేరు వేసుకోకపోవడమే విచిత్రం. డబ్బు పోయినందుకు కాదు, తన మాట జనం వినలేదన్నందుకు ఆయన నొచ్చుకున్నారనిపిస్తుంది. ‘ప్యాసా’లో విజయ్ కూడా చివరికి తన పేరును తానే వదిలేసుకుంటాడు కదా.

1962లో ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’. బిమల్ మిత్ర బెంగాలీ నవల ఆధారం. కూలిపోతున్న జమీందారీ ఇంట్లో, భర్త కోసం తాగుడు నేర్చుకున్న చిన్నకోడలు. మీనాకుమారి నటన గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. దర్శకుడిగా అబ్రార్ అల్వీ పేరు వేశారు. వెనకనుండి తీసింది గురుదత్తేనని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. పాటలు మాత్రం తాను తీశారనీ, మిగిలింది అల్వీ చేశారనీ పనిచేసినవారు చెప్పారు. మరొక చిత్రానికి దర్శకత్వం వహించలేదన్న ఒక్క కారణంతో అల్వీ నోటిదగ్గరి ముద్ద లాక్కోవడం న్యాయం కాదు. ఆ ఏడు ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. ఫిల్మ్‌ఫేర్ వారి ఉత్తమ దర్శకుడి బహుమతి అల్వీ అందుకున్నారు. 1963లో బెర్లిన్ చిత్రోత్సవానికి కూడా చిత్రం వెళ్ళింది, అక్కడ పెద్దగా పట్టించుకోలేదు.

అక్కడినుంచి గురుదత్ బయటి సంస్థల చిత్రాలలో నటించడం ఎక్కువైంది. అందులో ఒకటి మనవాళ్ళు చెప్పుకోదగ్గది. తెలుగులో పి.పుల్లయ్య తీసిన ‘అర్ధాంగి’ని 1963లో ‘బహూరాణీ’గా హిందీలో తీస్తే, దర్శకుడు మన తాతినేని ప్రకాశరావు. నాగేశ్వరరావు వేసిన అమాయకుడి వేషం గురుదత్ వేశారు, సావిత్రి వేషం మాలా సిన్హా. పులిలాంటి దర్శకుడు ఇంకొక దర్శకుడు చెప్పినట్లు వచ్చి నిలబడి నటించి వెళ్ళడం ఎలా ఉండేదో ఊహించుకోవలసిందే. చిత్రం చూస్తే మాత్రం ఆయన మనసుపెట్టి చేశారనే తోస్తుంది. తాను తీసిన విషాదాల్లో కనపడని పసితనం ఆ ముఖంలో కనిపిస్తుంది.

ఇల్లు మాత్రం నిలవలేదు. పాలీ హిల్‌లో ముచ్చటపడి పెట్టుకున్న బంగళాను 1963లో కూల్చివేయించారు. భార్యాబిడ్డలు ఒకచోట, తానొకచోట. పెద్దార్ రోడ్డులో అద్దె ఫ్లాటు. నిద్ర పట్టేది కాదు. తాగుడూ, నిద్రమాత్రలూ కలిశాయి. అంతకుముందే రెండుసార్లు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. 1964 అక్టోబరు 9 రాత్రి ‘బహారే ఫిర్ భీ ఆయేంగీ’ చిత్రం సన్నివేశం గురించి అల్వీతో మాట్లాడుతూ గడిపారు. పిల్లలను చూడాలనుకున్నారు, కుదరలేదు. మర్నాడు ఉదయం తలుపు తెరిచేసరికి పోయివున్నారు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. కావాలనే చేసుకున్నారని కొందరు, మోతాదు తప్పి జరిగిందని ఇంట్లోవాళ్ళు. ఆ మర్నాటికి ఆయన పెట్టుకున్న పనులు ఉన్నాయి. ఇతరులకు ఇచ్చిన మాటలూ ఉన్నాయి.

సగంలో ఉన్న ‘బహారే ఫిర్ భీ ఆయేంగీ’ని ధర్మేంద్రతో మళ్ళీ తీసి 1966లో విడుదల చేశారు. కె.ఆసిఫ్ ‘లవ్ అండ్ గాడ్’లో ఆయన చేస్తున్న వేషం సంజీవ్ కుమార్‌కు వెళ్ళింది. ఆ చిత్రం 1986లో గాని బయటికి రాలేదు. ముగ్గురు పిల్లలతో మిగిలిన గీతా దత్ అప్పులతో, అనారోగ్యంతో పోరాడి 1972 జూలై 20న కన్నుమూశారు. ఆమెకు నలభై ఒక్క ఏళ్ళు.

‘కాగజ్ కే ఫూల్’ను జనం చూడడం ఆ తరువాతనే మొదలైంది. ఉదయం ఆటలుగా, ఫిల్మ్ సొసైటీల్లో, పిమ్మట విదేశాల్లో. అమెరికా పత్రిక ‘టైమ్’ 2005లో వేసిన నూరు గొప్ప చిత్రాల పట్టీలో ‘ప్యాసా’ను చేర్చింది. 2004లో తపాలా శాఖ గురుదత్ పేర స్టాంపు తెచ్చింది. అద్దాలతో ఎండను పట్టిన వి.కె.మూర్తికి 2010లో ఫాల్కే అవార్డు అందింది. ఒక ఛాయాగ్రాహకుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. పేరు మార్చుకోనన్న వహీదాకు కూడా 2023లో ఫాల్కే అవార్డు వచ్చింది. ఏరువాక పాటకు ఈల వేసిన మన జనమే ఆమెకు మొదటి పేరు తెచ్చిపెట్టినవారు. 2025లో గురుదత్ శతజయంతికి చిత్రాలను బాగుచేసి మళ్ళీ థియేటర్లకు పంపారు. వాటిలో దర్శకుడు గురుదత్ అని చివరిసారిగా కనిపించేది ‘కాగజ్ కే ఫూల్’ మీదనే.